రాగిరెక్క చావలేదు

మా ఆయన రాగిరెక్కను చంపలేదు. ఈ మాట గొంతు చించుకుని చెప్పినా వినే దిక్కు లేదు.

మా ఆయన బొమ్మల పుస్తకాలు గీసేవాడు. రాగిరెక్క ఆయన పుట్టించిన వీరుడు. రాగి రేకుల రెక్కలు తగిలించుకుని మేడల మీంచి దూకి జనాన్ని కాపాడుతుంటాడు. ఏళ్ళ తరబడి నెలకో పుస్తకం వచ్చింది. మా పెళ్ళికన్నా వాడే పెద్దవాడు. చివరికి మా ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఇంకొక్క పుస్తకం గీస్తాను, అంతే, అని పబ్లిషరుతో చెప్పేశాడు.

ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "అయితే వాణ్ణి చంపేద్దాం!" అన్నాడు. అట్ట మీద రాగిరెక్క శవం, కింద పెద్దక్షరాల్లో 'కన్నుమూశాడు'. పుస్తకాన్ని నల్ల అంచున్న పాలిథిన్ సంచిలో పెట్టి సీలు వేశారు. చింపితే విలువ పోతుంది, చింపకుండా దాచుకుంటే బంగారం అని దుకాణాల ముందు బోర్డులు పెట్టారు. జనం ఎగబడి కొన్నారు.

మా ఆయన మాత్రం మొండిఘటం. అట్ట వాళ్ళు చెప్పినట్టే గీశాడు. లోపల చివరి పేజీలో రాగిరెక్క లేచి కూర్చుంటాడు, రెక్కలు విప్పి గోడకి తగిలిస్తాడు, వాళ్ళమ్మతో కబుర్లు చెబుతాడు. ఎడమ చేత్తో కుడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ పేజీ గీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. పబ్లిషరు కట్ట విప్పి చూడనైనా చూడకుండా ప్రెస్సుకి పంపేశాడు.

అప్పట్నుంచీ ఎదురుచూపులే. "ఎవరో ఒకరు అంటారు చూడు, అమ్మయ్య, బతికే ఉన్నాడు అని," అనేవాడు మా ఆయన. ఆ ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. ఎండలు పోయాయి, వానలు పోయాయి. ఎవ్వరూ అనలేదు. ఎదురింటాయన మాత్రం, ఇంట్లో మనిషి పోయినట్టు, పరామర్శించడానికి వచ్చాడు.

"చివరి పేజీ చూశారా?" అని అడిగాడు మా ఆయన.

"అమ్మో, చింపుతామా ఏంటి!" అన్నాడాయన.

ఆ రోజు నుంచి మా ఆయనకి మాట పడిపోయినట్టయింది. పెట్టింది తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. తిట్టినా ఉలుకూ పలుకూ లేదు. నాకూ తిట్టి తిట్టి విసుగొచ్చి ఊరుకున్నాను.

అప్పుడు సినిమావాళ్ళు ఫోన్ చేశారు. ఆ పుస్తకాన్నే సినిమా తీస్తున్నారట, షూటింగు చూడ్డానికి రమ్మన్నారు. మా ఆయన తనంతట తనే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "సినిమాలోనైనా వాడు లేస్తాడు కదే," అన్నాడు.

షూటింగు ఒక పాత గోడౌన్లో. అట్టముక్కలకి రంగు పూసి రెక్కలన్నారు. వేషగాడి ప్యాంటు మోకాలి దగ్గర పిగిలితే టేపు అంటించారు. వాణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మొహానికి ఎదురుగా ఫ్యాను పెట్టి, ఎగురుతున్నాడన్నారు. వేలాది జనం కావాల్సిన చోట టీ ఇచ్చేవాడితో కలిపి గుప్పెడు మంది ఉన్నారు. ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని.

డైరెక్టరు పరిగెత్తుకొచ్చి మా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "మాస్టారూ, మీ పుస్తకమంటే నాకు ప్రాణం. ఆ అట్ట చూసే కథంతా అల్లేశాను!" భుజానున్న సంచిలోంచి తన కాపీ తీశాడు. సీలు సీలుగానే ఉంది. "పాలిథిన్ మీదే సంతకం పెట్టండి."

"లోపల చదవలేదా బాబూ? వాడు చావడు. చివర్లో లేస్తాడు."

"అట్ట మీద పోయాడనే ఉంది కదండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం లాక్కుని సంచి పర్రుమని చింపేశాను.

"అయ్యయ్యో, ఎంత పని చేశారమ్మా!"

"నోరు మూసుకుని చివరి పేజీ చూడు."

చూశాడు. మేమూ చూశాం. రాగిరెక్క బ్యాంకు దొంగల్ని తాళ్ళతో కట్టేస్తున్నాడు. అది అంతకుముందు నెల పుస్తకంలోది. మొదట్నుంచీ తిప్పాను. అట్ట కొత్తది, లోపలంతా పాతదే.

పబ్లిషరుకి ఫోన్ చేశాను. "ప్రెస్సువాళ్ళు మిగిలిపోయిన పాత నెల అచ్చు కాగితాలకి కొత్త అట్ట వేసి కుట్టేశారు కాబోలమ్మా," అన్నాడు తాపీగా. "విచిత్రం! ఒక్కరు కూడా కంప్లయింట్ చెయ్యలేదే! ఆయన గీసిన బొమ్మలా? ఆఫీసు ఖాళీ చేసినప్పుడు చిత్తుకాగితాల్లో పోయుంటాయి."

మా ఇంట్లో ఉన్న కాపీలు కూడా మేం చింపలేదు. లోపలేముందో తెలిసిందే కదా అనుకున్నాం.

విన్నదంతా మా ఆయనకి చెప్పాను. "ఊఁ," అన్నాడు.

డైరెక్టరు చెడ్డవాడేం కాదు. పాపం, కాసేపు బుర్ర గోక్కున్నాడు. చిరిగిన సంచిలోంచి సంతాపంగా చేతికి కట్టుకోమని పుస్తకంతో పాటు ఇచ్చిన నల్లగుడ్డ పట్టీ ఒకటి కింద పడింది. దాన్ని తీసి దులిపాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. జనం తక్కువయ్యారు. మీరు ఇది కట్టుకుని శవం పక్కన నిలబడతారా?"

చెడామడా తిట్టబోయాను. మా ఆయన అప్పటికే నా ముందుకి చెయ్యి చాపాడు. కట్టాను.

వేషగాడు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. లైట్లు వెలిగాయి. మిగతావాళ్ళు ఏడుపు నటిస్తున్నారు. నాకు నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆపకండమ్మా, అలాగే కానివ్వండి!" అన్నాడు డైరెక్టరు సంబరంగా.

మా ఆయన ఏడవలేదు. వాడి వంక కాసేపు చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, జేబురుమాలు తీసి వాడి మొహం మీద కప్పాడు. ఆ తర్వాత లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.