సిమెంటు పలక

మగ్దలేనమ్మ చెన్నూరులో మల్లెపూలు కొని, తడిగుడ్డలో చుట్టి, మిరప తోటల దారి పట్టింది. ఛత్తీస్‌గఢ్ నుంచి మిరప ఏరడానికి వచ్చిన కూలీలు తోట గట్టున గుడిసెలు వేసుకున్నారు. వలస కూలీల బాగోగులు చూసే సంస్థలో ఆమె పనిచేస్తుంది.

పూలు బుద్రి కోసం. బుద్రి కొడుకు, చంటివాడు, జ్వరంతో దవాఖానలో పోయి పక్షం దాటింది. తల్లికి పాలు ఇంకా ఆగలేదు. రొమ్ములు గడ్డకట్టి ఆమె పనికి రాలేకపోతోందని మేస్త్రీ ఫోన్ చేశాడు. రొమ్ములకు మల్లెలు కడితే పాలు ఆగుతాయి. మగ్దలేనమ్మకు తొలి కాన్పులో బిడ్డ దక్కనప్పుడు వాళ్ళవ్వ అలాగే కట్టింది.

బుద్రి గుడిసె ముందు కూర్చుని ఉంది. రవిక తడిసి ఉంది. మగ్దలేనమ్మ మూట విప్పి, ఎలా కట్టుకోవాలో చేతులతో చూపించింది. బుద్రి మూటను వెనక్కి నెట్టింది.

“కట్టుకోమను కోసా. జర నొప్పి తగ్గుతది.”

బుద్రి భర్త కోసా ఏటా ఈ పనికి వస్తాడు. తెలుగు మాట్లాడతాడు. “కట్టుకోదక్కా. పాలాగితే పోరడు ఏం తాగుతడంటుంది.”

“ఏ పోరడు?”

“మా పోరడే.”

కోసా నేల చూస్తూ చెప్పాడు. పాలు తాగే బిడ్డ పోతే వాళ్ళ ఊళ్ళో ఇప్పచెట్టు మొదట్లో పూడుస్తారు. ఇప్పచెట్టుకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు బిడ్డ తాగుతుంది. బిడ్డకు చెట్టు దొరికిందంటే తల్లికి పాలు ఆగిపోతాయి.

“మీ బొందలగడ్డల ఇప్పచెట్టు లేదు గద. అందుకే రోజు పొద్దుగూకంగ ఇదే ఆడికి పోయి పాలు పిండి వస్తుంది.”

“గా రోజు చెప్పకపోతివి?”

“చెప్పిన గదక్కా. అడివికి తీస్కపోయి చెట్టు కింద పెడ్తం అన్న. కుక్కలు తోడుతయి అన్నవు నువ్వు.”

అన్నది. ఆమెకు గుర్తుంది. దవాఖానకు బండి మాట్లాడింది, శవాన్ని తెప్పించింది ఆమే కాబట్టి కోసా మళ్ళీ నోరెత్తలేదు. చెట్టు కిందే ఎందుకని ఆమె అడగలేదు. చర్చి సంఘంలో లేనివాళ్ళకు బొందలగడ్డలో జాగా ఇచ్చేది లేదని పెద్దలంటే, వాళ్ళతో కొట్లాడి, తన బిడ్డ పక్కన తనకోసం ఉంచుకున్న జాగా ఇచ్చింది. చెక్కపెట్టె చేయించింది. పైన సిమెంటు పలక పోయించింది. తన బిడ్డకు అప్పట్లో పెట్టె లేదు, పలకా లేదు.

ఆ సాయంత్రం ఆమె బుద్రి, కోసాల వెంట బొందలగడ్డకు వెళ్ళింది. బుద్రి పలక మీదికి వంగి పాలు పిండింది. పాలు సిమెంటు మీద నిలిచాయి. నిన్నటి మరకకు చీమలు పట్టి ఉన్నాయి.

బొందలగడ్డ పక్కింట్లోనే ఆమె పెదనాన్న ఏలియా ఉంటాడు. సంఘంలో పెద్ద. ఆమె వెళ్ళి గడ్డపార అడిగింది.

“జాగ ఇయ్యకపోతే నా మీద లొల్లి పెట్టుకుంటివి. సిమెంటు పొయ్యాలంటివి. ఇప్పుడు పలగ్గొడ్తనంటవ్. రేపు నా గోరీ గిట్ల తవ్వుతవా బిడ్డా?”

“నువ్వు మంచిగనే ఉన్నవ్ పెద్దబాపూ. నీ ఫికర్ తర్వాత.” ఆమె విషయం చెప్పింది.

ఏలియా లోపలికి వెళ్ళి గడ్డపార తెచ్చాడు. “పలక మటుకే. పెట్టెను ముట్టద్దు. పూడ్చిన పీన్గను తీస్తే పోలీసులొస్తరు. నాతోని గాదు, నీతోని గాదు.”

కోసా పలక పగలగొట్టాడు. ముక్కలు ఏరి మగ్దలేనమ్మ పక్కన వేసింది. బుద్రి మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో పాలు పిండింది. మట్టి పీల్చుకుంది. ఆమె అక్కడ చెయ్యి పెట్టి చూసి, కోసాతో ఏదో అంది.

“లోపట పెట్టె ఉంది గదా అంటుంది.”

మిరప ఏరడం ఆ రోజుతో అయిపోయింది. తెల్లారితే లారీ కూలీలను వాళ్ళ ఊరికి తీసుకుపోతుంది.

“వానలు పడంగనే నేనీడ ఇప్పమొక్క పెడ్తనని చెప్పు,” అంది మగ్దలేనమ్మ.

కోసా చెప్పాడు. బుద్రి ఆ పూట మొదటిసారి మగ్దలేనమ్మ మొహంలోకి చూసి అడిగింది.

“చెట్టయ్యేందుకు ఎన్నేండ్లు పడ్తదంటుంది.”

మగ్దలేనమ్మ అబద్ధం చెప్పదలచుకోలేదు. “పదేండ్లు. ఇంకా ఎక్కువనే.”

కోసా ఆ మాటా చెప్పాడు. బుద్రి లేచి, రవిక సర్దుకుని, ఒక మాట అని నడిచింది. కోసా దాన్ని తెలుగులో చెప్పకుండానే వెంట వెళ్ళాడు. గేటు దాకా పోయి ఆగాడు.

“అప్పటికి వాడు పాలిడుస్తడట అక్కా.”