ఇల్లరికపు మట్టి డాక్టరు

థవిన్ మట్టి పరీక్ష పెట్టె ఇంటికి తెచ్చిన రోజున దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చూడ్డానికి అది పిల్లల పలకలపెట్టెలా ఉంది. లోపల గాజు గొట్టాలు, చుక్కల మందు సీసాలు, వడకట్టే కాగితం, ఒక రంగుల అట్ట. అంతా కలిపి రెండు కోడిపుంజుల ఖరీదు చెయ్యదు. మట్టిని మందునీళ్ళలో గిలకొట్టి, వడకట్టి, చుక్కలు వేస్తే నత్రజనికి గులాబీ రంగు, భాస్వరానికి నీలం రంగు తేలుతుంది. రంగు చిక్కన అయినకొద్దీ నేలలో బలం ఉన్నట్టు. ఎంత ఎరువు వెయ్యాలో, ఎంత మానాలో అట్టతో పోల్చుకుంటే తెలిసిపోతుంది. జిల్లా ఆఫీసువాళ్ళు ఇదంతా నేర్పించి, నెత్తిన ఒక టోపీ కూడా పెట్టి, "ఇక మీ ఊరికి నువ్వే మట్టి డాక్టరువి" అని పంపారు.

డాక్టరయితే అయ్యాడు గానీ చూసుకోవడానికి సొంత పొలం లేదు. ఈసాన్ సీమలో పుట్టిన మగవాడు పెళ్ళి కాగానే మూట సర్దుకుని అత్తారింటికి చేరాల్సిందే. పొలం అత్తది. దున్నే యంత్రం అత్తది. గాదె తాళంచెవి కూడా అత్త మొలలోనే. అల్లుడు తెచ్చుకునేది రెక్కలు మాత్రమే.

అత్త కంపాయ్ నోటికి ఊరంతా జంకేది. ఏ మడికి ఎంత యూరియా అన్నది ఆవిడ గుప్పెటే తేల్చాలి. ఏడాదికేడాది గుప్పెళ్ళు పెరిగాయి, ధాన్యం మాత్రం ఉన్నచోటే ఉంది. థవిన్ ఏదన్నా చెప్పబోతే "ఊఁ" అని వినేది, తను అనుకున్నదే చేసేది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతని మాట గట్టు దాటి పొలంలోకి దిగలేదు. అది అతనికి లోలోపల ముల్లులా గుచ్చుకునేది.

ఈసారి పెట్టె ముందు పెట్టుకుని గట్టిగా పట్టుబట్టాడు. భార్య మాలై కూడా వంత పాడింది.

"సరే," అంది కంపాయ్ తాంబూలం నములుతూ. "ఈ పంటకి నీ డబ్బా ఎట్లా చెబితే అట్లా. పండిందా, వచ్చే ఏడు నుంచి పొలం నీ చేతిలో పెడతా. పండలేదా, డబ్బాలో ఎండుమిరపకాయలు పోసుకుంటా. ఇంక నా ముందు మట్టి ఊసెత్తకూడదు."

"అలాగే అత్తయ్యా. మడి మడికీ కాస్త కాస్త మట్టి తీసి కలపాలి. పొద్దున్నే వెళ్ళి తెస్తాను."

"నువ్వెట్లా తెస్తావ్? నాట్లు పడకముందు పొలంలో పార వెయ్యాల్సింది ఇంటి పెద్ద. నేను తెస్తాలే."

అత్త ఒప్పుకుందన్న సంబరంలో థవిన్ తలూపేశాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

ఆవిడ అరిటాకులో పొట్లం కట్టి తెచ్చిన మట్టి నల్లగా, మెత్తగా ఉంది. పిడికిలి పట్టినా నిలవని ఇసకనేలల ఊళ్ళో అలాంటి మట్టి ఎక్కడిదని డాక్టరుకి అనుమానం రావాలి. రాలేదు. గొట్టంలో గులాబీ రంగు చిక్కగా తేలింది. నీలం అంతకన్నా చిక్కగా తేలింది. థవిన్ ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

"యూరియా అక్కర్లేదత్తయ్యా. మన నేలలో కావలసినంత ఉంది."

"అస్సలు అక్కర్లేదా?" ఆవిడ అట్టనీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసింది. "సరే, మాటంటే మాటే."

నాట్లు పడ్డాయి. వానలూ వేళకే వచ్చాయి. చుట్టుపక్కల పొలాలన్నీ పచ్చగా పిలకలేస్తుంటే కంపాయ్ పొలం మాత్రం పాలిపోయి పసుపు రంగుకి తిరిగింది. పక్క పొలం ఉథాయ్‌కి ఇంతకన్నా కాలక్షేపం ఏం కావాలి? గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించేవాడు.

"ఏం డాక్టరుగారూ, రోగికి పచ్చకామెర్లా? పసరు మందేమన్నా పోయించకపోయారా?"

"తగ్గిపోతుందిలే బావా."

"పోయేది రోగమా, రోగియా?"

థవిన్ తలవంచుకుని ఇంటిదారి పట్టేవాడు. ఇంటికొస్తే అత్త తిట్టడం లేదు. భోజనాల దగ్గర అన్నం బుట్ట అతని వైపు జరిపి ఊరుకుంటోంది. నాలుగు తిట్లు తిడితే ప్రాణం హాయిగా ఉండును. ఒకరోజు వాకిట్లో చాప మీద ఎర్రటి మిరపకాయలు ఆరబోసి కనిపించాయి.

థవిన్ చెప్పులు కూడా వేసుకోకుండా తిన్నగా పొలానికి పోయాడు. గట్టు వెంబడి నడుస్తూ తూర్పు మూలకి వచ్చి ఆగిపోయాడు. అక్కడ చాప పరిచినంత మేర పైరు ముదురాకుపచ్చగా, మోకాలి ఎత్తున విరగబడి ఉంది. పొలం కాచే దేవుడు తా హేక్ ఉండే చోటు అది. ఏటా నాట్లకు ముందు ఇంటి పెద్ద మొదటి నారు ఆయన మూలలోనే నాటి, ఉడకబెట్టిన కోడీ, గుడ్లూ, అన్నం, సారా సమర్పించుకుంటుంది. మంచి పేడ ఎక్కడ దొరికినా ముందు ఆ మూలకే. అత్తగారి అమ్మమ్మ నాటి నుంచీ అదే వరస. థవిన్‌కి సంగతి తెలిసిపోయింది. తిరిగొచ్చేసరికి అత్త వాకిట్లో తాంబూలం నములుతూ కూర్చుని ఉంది.

"అత్తయ్యా, ఆ రోజు మట్టి ఎక్కడ తీశారు?"

"ఎక్కడ తీస్తారు? తా హేక్ మూలలో."

"అంతా అక్కడేనా? మడి మడికీ తియ్యమన్నానుగా."

"అదేం మర్యాద అల్లుడూ? ఒకరింటికి పోతే ఇంటి పెద్దని పలకరిస్తాం గానీ, పిల్లకాయల్ని ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి అడుగుతామా? పొలం తరఫున జవాబు చెప్పాల్సింది ఆయనే."

థవిన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"పెద్దాయన కడుపు నిండా తింటున్నాడు అత్తయ్యా. ఆయన్ని అడిగితే ఆకలి లేదనే చెప్పాడు. పస్తులున్నది పిల్లకాయలు."

కంపాయ్ నమలడం ఆపేసింది. "అయితే ఇదంతా నా నిర్వాకమా," అంది గొంతు తగ్గించి. ఆవిడ అంత చిన్నగా మాట్లాడటం థవిన్ ఎన్నడూ వినలేదు. జాలేసింది.

"ఎవరికీ తెలియదులెండి. పైరు ఇంకా పొట్టకి రాలేదు, వ్యవధి ఉంది," అన్నాడు.

మర్నాడు తనే మడి మడికీ దిగి మట్టి తీశాడు. ఈసారి గొట్టంలో గులాబీ రంగు కంటికి ఆనలేదు. అట్ట చెప్పిన కొలతకి యూరియా చల్లాడు. చల్లుతుంటే ఉథాయ్ నలుగురినీ వెంటేసుకుని వచ్చాడు.

"డాక్టరుగారు మందు మార్చారే. ఇంతకీ ముందు పొరపాటు ఎక్కడ జరిగిందంట?"

"మట్టి తియ్యడంలో. నేనే తప్పు చోట తవ్వాను. తా హేక్ మూలలో," అన్నాడు థవిన్.

అత్త పరువు నిలిపానని అనుకున్నాడు పాపం. అందరి మొహాల్లో నవ్వు మాయమైంది. ఇల్లరికం వచ్చినవాడు, నాట్లు పడకముందే, తా హేక్ మూలలో పార వెయ్యడమా? పరీక్ష తప్పితే ఊరు నవ్వి ఊరుకుంటుంది. ఇది అలా కాదు.

"పొలం పసుపెక్కిందంటే ఎక్కదూ మరి," అన్నాడు ఉథాయ్. "కోడిని పెట్టి తప్పు చెప్పుకోవాల్సిందే. లేకపోతే ఆ కోపం మా గట్టు కూడా దాటుతుంది."

తప్పు అల్లుడిదైనా తా హేక్‌తో మాట్లాడాల్సింది ఇంటి పెద్దే. మర్నాడు ఎండెక్కక ముందే ఊరి పెద్దలంతా గట్టు మీద చేరారు. కంపాయ్ మెడలో తెల్ల కండువా వేసుకుని కోడినీ సారానీ ముందు పెట్టి గొంతుక్కూర్చుంది. వెనక థవిన్ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించుకుని ఉన్నాడు. ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పరువు పోతుంది, ఒప్పుకోకపోతే ఇక ఆ పొలంలో తన మాటకి జన్మలో విలువుండదు. అయినా ఒప్పుకోకూడదనే అతను కోరుకున్నాడు.

"తండ్రీ తా హేక్, మా అల్లుడు తెలియక నీ మూలలో..." అని మొదలుపెట్టి ఆగింది. కండువా సర్దుకుంది. "తెలియక, నీ మూలలో..." అని మళ్ళీ ఆగింది.

ఊరి ముందు అల్లుడి అబద్ధాన్ని సాగనివ్వగలిగింది గానీ, ఆయన ముందు ఆవిడకి నోరు రాలేదు.

"తవ్వింది నేను," అంది కంపాయ్. "ఈ అబ్బాయి మడి మడికీ తియ్యమని చెప్పాడు. నేను చెవిన పెట్టలేదు. నా పరువు పోతుందని నా తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. నువ్వు కోప్పడితే నన్ను కోప్పడు."

ఉథాయ్ చుట్ట నోటి దగ్గరే ఉండిపోయింది. కంపాయ్ వెనక్కి తిరిగి, థవిన్ మోచెయ్యి పట్టుకుని తన పక్కకి లాక్కుంది.

"ఇన్నేళ్ళయినా వీణ్ణి నీకు చూపించలేదు. అదీ నా తప్పే. వీడి పేరు థవిన్. నా ఇంటి మనిషి. ఇకనుంచి ఈ పొలంలో పార ముందు వీడే వేస్తాడు."

థవిన్ తలెత్తలేకపోయాడు.

"ఏం, నోరు పెగలదే?" అంది కంపాయ్. "ఇన్నాళ్ళూ నా చెవులు తోడేశావుగా. ఇప్పుడు చెప్పు ఆయనకి, ఏ మడికి ఎంత కావాలో."

థవిన్ కళ్ళు తుడుచుకుని, కాలవ పక్క మడి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.