తలుపు తీస్తే బిగుసుకునే బ్రేకు

ఆ రెండు వేళ్ళూ తిన్నది మీరే. తలుపు తీసిన చెల్లెలి మీదకి నెట్టకండి. బ్రేకుకి నాలుగంకెల తాళం వేసి, ఆ తాళం సంగతి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఒక్క ముక్కయినా రాయకుండా అమ్ముకున్న పెద్దమనుషులారా, మీరే. కాదంటారా? ఆ పొద్దున ఏం జరిగిందో వినండి, విన్నాక అనండి.

అన్నకి అరవై ఏళ్ళు. ముప్పై అయిదేళ్ళు లారీ బ్రేకుల కిందే గడిపినవాడు. వీధిలో అందరికీ చేతిచూపు మేస్త్రీ. అరిగిన బ్రేకు రేకు మీద చూపుడువేలు ఒక్కసారి పోనిచ్చి, ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పేసేవాడు. కొలబద్ద తెచ్చి కొలిచినవాళ్ళు అదే లెక్క చూసి కొలబద్ద జేబులో పెట్టుకునేవాళ్ళు. చెల్లెలు ఇంటింటికీ వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకి సూదులు వేసి, పుళ్ళకి కట్లు కట్టే నర్సు. అందుకే ఆమె సూదమ్మ. కారు ఆమెది. అది ఆగితే ఊరి నాలుగు మూలలా పదకొండు కట్లు ఆగిపోతాయి.

వెనక చక్రాల్లో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు మొదలైంది. ముందున్న తెర మీద ఎర్రబొమ్మ వెలిగింది. సూదమ్మ షోరూముకి వెళ్ళింది.

"బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి మేడమ్. పద్దెనిమిది రోజుల తర్వాత రండి."

"అప్పటిదాకా?"

"నడపకండి. ప్రమాదం."

"మరి బయట చేయించుకోనా?"

"అలా చేస్తే గ్యారంటీ పోతుంది."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు.

మర్నాడు ఉదయమే అన్న పనిముట్ల సంచితో దిగాడు. "నాలుగు బోల్టులు, రెండు ప్యాడ్లు. దీనికి పద్దెనిమిది రోజులా? వాళ్ళేమన్నా గుడ్డు పెట్టి పొదుగుతున్నారా?"

"నీ నోరు తర్వాత అన్నయ్యా. ముందు పని చూడు."

ముందు చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టాడు. వెనక జాకీ ఎత్తి, కింద ఇనుప స్టాండ్లు పెట్టాడు. చక్రం ఊడదీశాడు. అక్కడే చిక్కొచ్చింది. ఈ కారులో హ్యాండ్ బ్రేకుకి కర్ర లేదు, ఒక మీట ఉంది. చక్రం పక్కన చిన్న మోటారు కూర్చుని, అదే పిస్టన్‌ని ప్యాడ్ల మీదకి తోసి బ్రేకు బిగిస్తుంది. పుస్తకం తెరిచాడు. "ఈ పనిని మా కేంద్రంలోనే చేయించుకోవలెను" అని ఉంది, మిగతా పేజీ నిండా ఫోన్ నంబర్లు.

"ఇది పుస్తకమా, విజిటింగ్ కార్డా?" అని పడేశాడు.

మేస్త్రీ ఊరుకునే రకం కాదు. గంటసేపు కారు నాడి పట్టుకున్నాడు. ఇంజను తాళం ఆపితే బ్రేకు దానంతటదే బిగుసుకుంటోంది. ఆన్‌లో ఉంచి, కాలితో బ్రేకు తొక్కి మీట నొక్కితే వదులుతోంది. చాలు, తెలిసిపోయిందనుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు సీట్లో కూర్చో. మీట వదిలాక కాలు తీసెయ్. తాళం మాత్రం ఆపకు. నేను చెప్పేదాకా అలాగే కూర్చో."

"విగ్రహంలా కూర్చుంటా, సరేనా?"

బ్రేకు వదిలింది. డిస్కుని రెండు వైపులా పట్టే ఇనుప దవడని విప్పి పైకెత్తాడు. పిస్టన్‌ని లోపలికి తోశాడు. అది మెత్తగా వెళ్ళింది. ఇక కొత్త ప్యాడ్లు పెట్టడమే. కానీ అతని పద్ధతి ఒకటుంది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు ఎక్కడైనా చీలిందేమోనని వేళ్ళతో తడిమి చూడకుండా ముప్పై అయిదేళ్ళలో ఏ బ్రేకూ మూయలేదు. దవడ మధ్య సందులోకి రెండు వేళ్ళు దూర్చాడు.

అప్పుడే సూదమ్మ ఫోను మోగింది. మంచాన పడ్డ ఒక ముసలాయన కూతురు. "అమ్మా, నాన్న కట్టంతా రక్తం..." మాట తెగిపోయింది. సిగ్నలు కోసం సూదమ్మ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. తాళం ఆపలేదు. తాళం విషయంలో అన్న చెప్పింది చెప్పినట్టే చేసింది.

డ్రైవరు దిగిపోతున్నాడనుకుంది కారు. బండి జారిపోకుండా బ్రేకు వేసేసింది.

కుయ్యిమని మోటారు. తర్వాత అన్న కేక.

ఆమె వెనక్కి పరిగెత్తి చూసి, మళ్ళీ ముందుకు పరిగెత్తింది. మీట నొక్కింది. కదల్లేదు. తెర మీద అక్షరాలొచ్చాయి: బ్రేకు పెడల్ తొక్కండి. తొక్కితేనే వదులుతుంది. తొక్కితే పిస్టన్ ఇంకా బిగుస్తుంది. అది ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

"తొక్కు!" అన్నాడు అన్న.

"అన్నయ్యా..."

"తొక్కవే!"

తొక్కింది. ఆ రెండో కేక ఆమె చెవుల్లోంచి ఇప్పటికీ దిగలేదు.

ఆసుపత్రిలో కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మొదటి కణుపు దాకా తీసేశారు. తమ్ముళ్ళూ మరదళ్ళూ వచ్చి, "తలుపెందుకు తీశావే?" అని ఆమెనే అడిగారు. ఆమె కూడా తనని తానే ప్రశ్నించుకుంది. అన్న ఆమెని తప్పు పట్టలేదు. ఎడంచేత్తో టీ గ్లాసు అందుకుంటూ, "ఈ చేతికి చూపు లేదమ్మాయ్" అన్నాడు, అంతే.

కారుని లాగించి షోరూముకి చేర్చారు. ఈసారి మాత్రం అదే రోజు ఖాళీ దొరికింది. అద్దం ఇవతల నిలబడి సూదమ్మ చూసింది. అక్కడి ఫిట్టరు సీట్లో కూర్చుని తెరమీద నాలుగంకెలు కొట్టాడు. అక్షరాలు వచ్చాయి: సర్వీసు స్థితి. హ్యాండ్ బ్రేకు పనిచేయదు. అతను దిగాడు, నాలుగు తలుపులూ బార్లా తీశాడు. మోటారు చప్పుడు చేయలేదు. అరనిమిషం కూడా పట్టలేదు.

అన్న వేళ్ళు నలిపిందేదో ఆమెకి తెలిసింది. తను తీసిన తలుపు కాదది, వీళ్ళు మూసిన తలుపు. మర్నాడు చేతికి కట్టుతో ఉన్న అన్నని వెంటబెట్టుకుని మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"ఆ అంకెలు మాకెందుకు చెప్పలేదు?"

"మీ క్షేమం కోసమే దాచాం మేడమ్. తెలియనివాళ్ళు చేతులు పెడితే ప్రమాదం కదా."

"చెయ్యెత్తు అన్నయ్యా." అన్న ఎత్తాడు. "ఇది తెలిసిన చెయ్యి. తెలియనిది ఒక్కటే, మీరు దాచింది. ఏదీ క్షేమం? చూపించండి."

"కంపెనీ నిబంధన మేడమ్. నా చేతుల్లో ఏముంది?"

"నీ చేతుల్లో పది వేళ్ళున్నాయి నాయనా," అన్నాడు మేస్త్రీ.

వరసలో కూర్చున్న కార్లవాళ్ళు ఒక్కొక్కరే లేచి దగ్గరికొచ్చారు. సూదమ్మ సంచిలోంచి లావు నల్లమార్కరు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ నాలుగంకెలూ ఈ గోడమీద రాయండి. తలుపు తీస్తే బ్రేకు బిగుసుకుంటుందని దాని కింద రాయండి. రేపటినుంచి అమ్మే ప్రతి కారు పుస్తకంలో మొదటి పేజీలో అచ్చువేయండి. ఇప్పటికే అమ్మిన ప్రతి కారు ఇంటికీ ఉత్తరం పంపండి. ఈ పూట కూడా ఎక్కడో ఒకడు జాకీ ఎత్తుతుంటాడు. పద్దెనిమిది రోజులు కాదు, ఇప్పుడే. లేచి రాయండి."