ఆఖరి వరసలో అమ్మ

"మీ అమ్మనడుగు. ఆవిడా పీజీ బయటి దేశంలోనే చేసింది. నేనే చదివించాను" అన్నారు మా ఆయన అమ్మాయితో, పేపర్లోంచి తలెత్తకుండా.

నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఆ మాట నాకు కొత్తదేం కాదు. పెళ్ళిళ్ళలో విన్నాను, ఆఫీసు విందుల్లో విన్నాను, ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని మరీ విన్నాను. అబద్ధమని అనలేను, ఫీజు కట్టింది ఆయనే. అలాగని ప్రతిసారీ నవ్వుతూ తలూపడానికి మాత్రం మెడ దగ్గర ఏదో పట్టేసినట్టుంటుంది.

బల్ల దగ్గర మా అమ్మాయి లాప్‌టాప్ ముందు గోళ్ళు కొరుక్కుంటోంది. చిన్నప్పుడు రెండు ముద్దలు తిని లేచిపోతుంటే వాళ్ళ నాయనమ్మ పిచ్చుక అని పేరు పెట్టింది. ఇంజనీరింగ్ పూర్తయినా ఆ పేరే. ఇప్పుడు దానికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి విమానంలో రెండు గంటల దూరం. రెండోది రెండు విమానాలు మారి ఒక రోజంతా ప్రయాణం చేసి వెళ్ళాల్సిన చోటు. భూకంపం వస్తే ఇళ్ళు ఎలా నిలబడతాయో అక్కడ నిజం ఇళ్ళంత నమూనాలు కట్టి, ఊపి చూస్తారట. శుక్రవారంలోగా ఏదో ఒకదానికి సరేననాలి.

దాని ముఖం చూస్తుంటే మా హాస్టలు గుర్తొచ్చింది. మూడో అంతస్తులో చివరి గది నాదీ, డిక్షనరీదీ. మా అందరి అప్లికేషన్లలో ఇంగ్లీషు దిద్దిపెట్టేదని దానికా పేరు. అప్పట్లో అన్నీ పోస్టులోనే వచ్చేవి. మందపాటి కవరైతే సీటొచ్చినట్టు, పల్చటి కవరైతే ఏడవడానికి బాత్రూములోకి వెళ్ళాల్సిందే. మెస్సు క్యూలో కంచాలు పట్టుకుని, చూడని ఊళ్ళ గురించి అక్కడే పుట్టినట్టు మాట్లాడుకునేవాళ్ళం. "అక్కడ ఆరు నెలలు మంచేనట. నీ జుట్టు ఎప్పటికి ఆరుతుందే?" అనేది డిక్షనరీ. నా ఫైనలియర్ ప్రాజెక్టు ఇసుకతో చేసిన నది. ల్యాబులో బల్లంత తొట్టిలో ఇసుక పోసి, నీళ్ళు వదిలి, వంపు దగ్గర గట్టు ఎలా కోసుకుపోతుందో నాలుగు నెలలు చూశాను. ఇంటికెళ్ళినా చెవుల్లోంచి ఇసుక రాలేది. ఆ ఫొటోలు పంపిస్తే ఎక్కడో ఉన్న ఒక ముసలి ప్రొఫెసరు తన చేత్తో జవాబు రాశాడు. మా దగ్గర నలభై మీటర్ల కాలువ ఉంది, వచ్చి నీ ఇష్టమొచ్చినట్టు పాడుచెయ్యి అని. వెనకే మందపాటి కవరొచ్చింది. ఆ రోజు నేనూ డిక్షనరీ మెట్ల మీద కూర్చుని, ఏ కిటికీలోంచి నది కనబడుతుందో కూడా తేల్చేసుకున్నాం.

సరిగ్గా పది రోజులకి సంబంధం వచ్చింది. అబ్బాయిది వేరే దేశంలో ఉద్యోగం. ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. "చదువు మానమని నేనెందుకంటాను? మా ఊళ్ళోనూ యూనివర్సిటీ ఉంది. మా ఇంటి ముందు బస్సెక్కితే సరాసరి గేటు దగ్గర దిగొచ్చు" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచివాడు మళ్ళీ దొరుకుతాడా అంది. ప్రొఫెసరుకి క్షమించమని రాసే ఉత్తరం నాన్నే కూర్చుని టైపు చేశారు, నాకు శ్రమ లేకుండా. నేను సంతకం పెట్టాను. ఆ బస్సు వెళ్ళే యూనివర్సిటీలో నదీ లేదు, కాలువా లేదు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ ఉంది. పొయ్యి పక్కన డబ్బాలకి పుస్తకం ఆనించుకుని చదివాను. పిచ్చుక పుట్టిన మూడో వారంలో ఆఖరి పరీక్ష రాశాను, జాకెట్టు తడిసిపోతుంటే ఫైలు అడ్డం పెట్టుకుని. "ఇంటి పనికి ఏ లోటూ రానివ్వకుండా డిగ్రీ తెచ్చుకుంది" అని ఆయన స్నేహితులతో అంటే, ఆ రోజు పొంగిపోయాను కూడా. తిరిగి వచ్చాక ఇరవయ్యేళ్ళుగా వేరేవాళ్ళు గీసిన డ్రైనేజీ డ్రాయింగులు సరిచూస్తున్నాను. మీటింగుల్లో పదిమంది ఇంజనీర్లుంటే, "మీ చేతిరాత బావుంటుంది మేడమ్" అని రాసుకునే పని నాకే ఇస్తారు.

"అమ్మా, నేను స్నానం చేసొచ్చేలోగా ఇదొకసారి చూసి పెట్టు" అని పిచ్చుక లేచింది.

లాప్‌టాప్‌లో పట్టిక వేసుకుంది. దగ్గరది ఒక గడి, దూరంది ఒక గడి. సబ్జెక్టు, ప్రొఫెసరు, ల్యాబు, తర్వాత ఉద్యోగం, చలి. చలి తప్ప అన్నిట్లోనూ దూరందే గెలిచింది. ఆఖరి వరసకి పసుపు రంగు వేసి ఉంది. దాని పేరు 'అమ్మ'. దగ్గరదాని కింద 'రెండు గంటల్లో రావచ్చు' అనీ, దూరందాని కింద 'నాయనమ్మతో అమ్మ ఒక్కతే' అనీ ఉంది. దాని కిందే, దగ్గరది ఖాయం అని రాసుకుంది.

ఇస్త్రీ పెట్టె ఆపేశాను. అత్తయ్య నిరుడు జారిపడ్డప్పటి నుంచి చెయ్యి పట్టుకోనిదే నడవలేదు. లేపడం, స్నానం, మందులు, సాయంత్రం వరండాలో నడిపించడం, ఆఫీసుకి ముందు కొంత, ఆఫీసయ్యాక కొంత, అన్నీ నేనే. కోడలు కాదు, కూతురని పక్కింటివాళ్ళు మెచ్చుకుంటారు. నేనిదంతా చప్పుడు కాకుండా చేసుకుపోతున్నాననుకున్నాను. పిల్ల చూస్తూనే ఉందన్నమాట. నన్నెవరూ కట్టేయలేదని ఇన్నాళ్ళూ అనుకుంటూ, నేనే దాని కాలికి చుట్టుకున్నాను.

ఆయన ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"చెప్పు, వింటున్నాను."

"పేపరు పక్కన పెట్టండి."

పెట్టారు.

"స్నానానికి ఆయాని మాట్లాడతాను. పొద్దున పనులు నేను చూస్తాను. ఇవాళ్టి నుంచి సాయంత్రం అత్తయ్యని నడిపించడం, మందులు వెయ్యడం మీరు చూడాలి."

"ఇప్పుడేమైంది? నువ్వు బాగానే చేస్తున్నావుగా."

"చేస్తున్నాను. అందుకే పిల్ల తను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేకపోతోంది."

ఆయనకి అర్థం కాలేదు. లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాను. ఆఖరి వరస దాకా చదివి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆ పట్టికలో ఆయన పేరెక్కడా లేదు. బహుశా అదే వెతుక్కున్నారేమో.

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "వాడు పట్టుకుంటే నన్ను పడేస్తాడే."

"పడెయ్యరు అత్తయ్యా. ఎలా పట్టుకోవాలో మీరే చెప్పి చేయించుకోండి. మీ కొడుకేగా."

"ఐదింటికల్లా రమ్మను. ఆలస్యమైతే ఊరుకోను" అంది.

పిచ్చుక తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. "ఆ ఆఖరి వరస తీసెయ్" అన్నాను.

"తీసేస్తే నువ్వెలా అమ్మా?"

"నాన్నకి చెప్పాను."

అది ఆయన వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "నాయనమ్మ ఐదింటికి రమ్మంది" అన్నారు. పిచ్చుకకి నవ్వొచ్చింది. ఆపుకుంటూనే కూర్చుని ఆ వరస చెరిపేసింది. కింద రాసుకున్న మాట కూడా చెరిపేసింది. దూరందానికి సరే అని నొక్కే ముందు నా వైపు తిరిగింది.

"అమ్మా, అప్పట్లో నీకు సీటొచ్చిన చోటికి వెళ్ళద్దని ఎవరన్నారు? తాతయ్యా? నాన్నా?"

అందరి ముఖాలూ గుర్తు తెచ్చుకున్నాను. ఎంత ప్రేమగా ఉన్నారో ఆ రోజు అందరూ.

"ఎవరూ అనలేదే" అన్నాను. "అని ఉంటే వెళ్ళేదాన్ని."