అందించని మాట

వ్యసనాలు ఏడని లెక్కగట్టి పెద్దలు చేతులు దులిపేసుకున్నారు. సింగపూరు నాటకాల బృందాన్ని చూసి ఉంటే ఆ లెక్క ఏడు దగ్గర ఆగేది కాదు.

కంప్యూటరు భాష రెండు ముక్కలు వచ్చిన తెలుగువాడికల్లా విమానం టిక్కెట్టు దొరుకుతున్న రోజులవి. ఊరు మారినంత సులువుగా నాటకాల పిచ్చి వదలదు కదా. హాలు అద్దెకు తీసుకుంటే జనం కంటే కుర్చీలే ఎక్కువ కనిపిస్తాయని ఒకసారి అనుభవమయ్యాక, వీళ్ళు ఇంటర్నెట్టులో ఒక వాయిస్ చాట్ గది తెరిచారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి ఇంట్లో వాళ్ళు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చునేవారు. వంతుల వారీగా మైకు తీసుకుని ఎవరి పాత్ర వాళ్ళు చెప్పేవారు. మొహానికి రంగు అక్కర్లేదు, లుంగీ మీదే మహారాజు వేషం కట్టొచ్చు.

నాటకానికి ముందు ఒక తతంగం ఉండేది. దానికి ‘పొడుం టైము’ అని పేరు పెట్టినవాడు పరంధామయ్య. ఆయన రైల్వేలో రిటైరై ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. బృందానికి నాటకాలు రాసేది ఆయనే. వెనకటి నటులు తెర లేచేముందు రంగస్థలం పక్కన వింగులో నిలబడి చిటికెడు పొడుం పట్టించేవారట. ఇక్కడ పొడుం దొరకదు కాబట్టి, ఆ వారం తన ప్రాణం దేనికోసం లాగిందో ఒక్కొక్కరూ మైకులో చెప్పుకోవాలి. తారాదేవికి బలపాలు. గుంటూరు నుంచి వచ్చే ప్రతివాళ్ళ చేతా డబ్బాలకు డబ్బాలు తెప్పించుకుని, మైకు ముందే కటుక్కున కొరికేది. తువాస్ షిప్‌యార్డులో వెల్డింగు చేసే మారయ్య, ఖైనీ దొరక్క టీ పొడి దవడన పెట్టుకుంటున్నానన్నాడు. యూనివర్సిటీ కుర్రాడు రాహుల్ మైలో పొడిని పాలల్లో కలపకుండా చెంచాతో బొక్కుతానని ఒప్పుకున్నాడు. అందరూ పగలబడి నవ్వేవారు.

ఉపేంద్ర తన వంతు వచ్చినప్పుడు, “దగ్గు మందు,” అన్నాడు. కాసేపాగి, “దగ్గు లేకపోయినా,” అని కలిపాడు.

ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వు ఆ మాటకే వచ్చింది. అప్పట్నుంచి అతని పేరు సిరప్పు బాబు. ఎవరికైనా గొంతు పట్టేస్తే “ఉపేంద్రా, ఒక మూత ఇటు పోయవయ్యా” అనేవారు. బలపాల పక్కన, మైలో పక్కన, అదీ ఒక ముద్దొచ్చే చాపల్యంలాగే చెల్లిపోయింది.

నవ్వనిది ప్రసన్నలక్ష్మి ఒక్కతే. నవ్వినా వినబడేది కాదనుకోండి, ఆమె ప్రాంప్టరు. క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకుని, పగలంతా ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరు తప్పులు పట్టే ఉద్యోగం చేసేది. ఆదివారం స్క్రిప్టు ముందు పెట్టుకుని, నటుడు తడబడితే అతనికొక్కడికే కనిపించే చిన్న కిటికీలో తర్వాతి మాట టైపు చేసి అందించేది. ప్రాంప్టరు గొంతు ప్రేక్షకుడికి వినపడిందా, పరువు పోయినట్టే. అందుకే ఆ గదిలో ఆమె గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు.

పొడుం టైములో ఆమె ఎప్పుడూ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసింది లేక కాదు. ఆమె కొట్టిన అక్షరాలు, మరుక్షణం ఉపేంద్ర గొంతులో ఊపిరి పోసుకుని చెవిలో పడేవి. పరంధామయ్య రాసిన పేలవమైన మాట కూడా ఆ గొంతులోంచి వస్తే ఒళ్ళు గగుర్పొడిచేది. వారమంతా ఆఫీసులో మొద్దుబారిన మనిషికి ఆ గంట కోసమే బతుకుతున్నట్టు ఉండేది. అతని మీద ప్రేమా దోమా ఏమీ లేదు, తమ్ముడి వరసే. కానీ ఆ గొంతు లేకపోతే ఆదివారం గడవదన్నది మాత్రం నిజం, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఉపేంద్రది ఒంగోలు దగ్గర. సింగపూరుకు ఉత్తరాన యూ టీ అనే పేటలో నవనీత్ అనే మరో ప్రోగ్రామరుతో కలిసి ఫ్లాట్‌లో ఉండేవాడు. ఒక శనివారం క్లెమెంటి హాకర్ సెంటర్లో, ఆ తిండి కొట్ల మధ్య, ప్రసన్నలక్ష్మిని కలిశాడు. కొత్త నాటకంలో తన భాగం ఇద్దరూ కూర్చుని చదువుకోవాలని అనుకున్నారు. చదువుతుంటే అతని కళ్ళు మూతలు పడుతున్నాయి, ఎదురుగా ఉన్న అన్నం ముట్టలేదు. సంచీ లోంచి కాగితాలు తీయబోతే సీసాలు గలగలమన్నాయి. ఒక్కటి కాదు. ఒక్కో క్లినిక్కులో ఒక్కో దగ్గు దగ్గి తెచ్చుకుంటున్నాడన్నమాట. సీసాడు ఒక్కసారే తాగేస్తున్నానని, అది చాలక నిద్రమాత్రలు కూడా వేసుకుంటున్నానని, అదేదో పక్కింటివాడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. ఇప్పుడే లేవమంది, తెలిసిన డాక్టరున్నాడు, టాక్సీలో పోదామంది.

“డాక్టరు దగ్గరికెళ్తే ముందు పడుకోబెడతారక్కా. ఈ నాటకం కానీ. అయిన మర్నాడు నువ్వే తీసుకుపో, కాదంటే నన్ను తన్ను,” అన్నాడు ఉపేంద్ర.

గట్టిగా పట్టుబట్టి ఉంటే వచ్చేవాడేమో. ఆమె పట్టుబట్టలేదు. అప్పటికి నెలలుగా ఆ స్టేషను మాస్టరు వేషం అతని గొంతులో వినాలని ఆమె ప్రాణం లాగుతోంది. మహా అయితే ఇంకొక్క వారం కదా అనుకుంది. అలా అనుకున్నందుకు ఆ రాత్రి తనమీద తనకే రోత పుట్టింది, అయినా తెల్లారి ఫోను చేయలేదు.

మరుసటి వారం నాటకం వేసే ఆదివారం వచ్చింది. గది కిటకిటలాడింది. హైదరాబాదు నుంచి, దుబాయి నుంచి కూడా కొందరు చేరారు. నాటకంలో స్టేషను మాస్టరు ఏమరుపాటున తప్పు లైను ఇస్తాడు. ఎదురుగా బండి ఆగకుండా దూసుకుపోతుంది. అక్కడ పరంధామయ్య రాసిన మాట ఇది: “ఓ కాలమా, నీకు ఎర్రజెండా చూపించే మొనగాడే లేడా!” ఆ వాక్యమంటే ఆయనకు కన్నకొడుకు కంటే ఎక్కువ.

ఉపేంద్ర మొదట్నుంచీ అద్భుతంగా చెప్పుకొస్తున్నాడు. మాట కాస్త ముద్దగా పడుతుంటే, పాత్ర దుఃఖమే అనుకున్నారు అందరూ. బండి చప్పుడు అయిపోయింది. ఎర్రజెండా మాట రావాలి. రాలేదు. ప్రసన్నలక్ష్మి దాన్ని కిటికీలో అందించింది. అతను అందుకోలేదు. మైకులో ఊపిరి మాత్రం వినపడుతోంది.

“ఆపండి,” అన్నాడు. “ఎవరైనా ఆపండి. నా వల్ల కావడం లేదు.”

స్క్రిప్టులో ఆ మాట లేదు. ముందు పేజీలోనూ లేదు, వెనక పేజీలోనూ లేదు.

తెలుగు నాటకంలో ఒక ఆనవాయితీ ఉంది. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్ళీ పాడి తీరాలి. చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ అందుకుని, మళ్ళీ చచ్చిన సందర్భాలున్నాయి. ఈ బృందం వాళ్ళు ఆ మర్యాదను మాటలకూ పాకించారు. అందరికీ కనిపించే గది కిటికీలో అక్షరాలు వరసగా పడ్డాయి. వన్స్ మోర్. వన్స్ మోర్ సిరప్పు బాబూ. దుబాయి నుంచి ఒకటి, తారాదేవి నుంచి రెండు.

ఉపేంద్ర మళ్ళీ అన్నాడు. “ఆపండి. నన్ను ఎవరైనా ఆపండి.” ఈసారి ‘నన్ను’ అన్నాడు. దానికి ఇంకా ఎక్కువ మెప్పు వచ్చింది.

ప్రసన్నలక్ష్మికి తెలుసు. ఆ గదిలో అంతమందిలో ఆ మాట ఎవరిదో, ఎందుకో తెలిసిన మనిషి ఆమే. మైకు అడిగి నాటకం ఆపొచ్చు. ఫోను తీసి అతనితో మాట్లాడొచ్చు. కానీ దారి తప్పిన నటుణ్ణి దారిలో పెట్టడం ఆమె పని. ఏళ్ళ తరబడి వేళ్ళకు అలవాటైన పని. ఆమె తేరుకునేలోగా వేళ్ళు తర్వాతి లైను కొట్టేశాయి. ‘అప్పయ్యా, లాంతరు ఇలా తే.’

మైకులో చిన్న నిట్టూర్పు వినబడింది. “అప్పయ్యా, లాంతరు ఇలా తే,” అన్నాడు ఉపేంద్ర బుద్ధిమంతుడిలాగా. అక్కడి నుంచి ఆఖరి దాకా ఆమె ఏది అందిస్తే అదే చెప్పాడు, ఒక్క అక్షరం తప్పలేదు.

నాటకం అయ్యీ అవగానే ఫోను చేసింది. ఎత్తలేదు. చెప్పులు వేసుకుని పరిగెత్తింది. జురాంగ్ ఈస్ట్‌లో బండి మారుతూ మళ్ళీ చేసింది, ఎత్తలేదు. యూ టీలో దిగి ఆ బ్లాకు వెతుక్కుని తలుపు కొడితే, అప్పుడే బాడ్మింటన్ ఆడి వచ్చిన నవనీత్ చెమటతో తలుపు తీశాడు. ఉపేంద్ర నిద్రపోతున్నాడన్నాడు. లోపల కుర్చీలో, తలకి హెడ్‌ఫోనుతోనే, తల బల్లకి ఆనించి ఉన్నాడు. గుర్రు లాంటిదేదో వస్తోంది, చాలా ఆగి ఆగి వస్తోంది. ఎంత కుదిపినా కళ్ళు తెరవలేదు. ఎదురుగా తెర మీద పొగడ్తలు ఇంకా పడుతూనే ఉన్నాయి, కేక అని, చంపేశావు అని.

అంబులెన్సు తొందరగానే వచ్చింది. అయినా అతను మళ్ళీ లేవలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో గొట్టాల మధ్య ఉండి ప్రాణం విడిచాడు. శవాన్ని ఒంగోలు పంపించే ఏర్పాట్లన్నీ నవనీతే చూశాడు. వాళ్ళమ్మతో నిమోనియా అని చెప్పేశానని, మీరూ అదే చెప్పండి అక్కా అని ప్రసన్నలక్ష్మిని బతిమాలాడు. ఆమె తలూపింది. పోయినవాడి పరువు కోసమే అనుకుంది. అందులో తన పరువు ఎంతుందో ఆమె అప్పుడు తూచుకోలేదు.

బృందం నిజంగానే ఏడ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ మాట కూడా చెప్పాలి. తారాదేవి సంతాప సభ పెట్టి మాట్లాడలేక మైకు వదిలేసింది. ఆ రోజు నాటకాన్ని ఎవరో రికార్డు చేసి పెట్టారు, అది అందరికీ అందింది. నిమోనియాతో కాలిపోతూ కూడా వేషం వదలని మహానటుడన్నారు. ఆ ‘ఆపండి’ అన్న చోట వినందే నిద్ర పట్టడం లేదని ఒకరు రాశారు. అన్నం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వింటున్నానని ఇంకొకరు రాశారు. అంత మాట రాసిన పరంధామయ్యగారి చేతికి బంగారు కడియం తొడగాలని రాసినవాళ్ళూ ఉన్నారు. ఆయన అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు చెప్పాడు.

ప్రసన్నలక్ష్మి ఆ రికార్డు వినలేదు. వినకపోయినా వినబడుతూనే ఉంది, రైల్లో, ఆఫీసులో, అన్నం కలుపుతుంటే. ‘ఆపండి’ కంటే, ఆ తర్వాత వచ్చిన లాంతరు మాటే ఆమెను ఎక్కువ కాల్చింది. ఎవరైనా ఒక్క తిట్టు తిడితే బాగుండుననిపించేది. తిట్టడానికి ఎవరికీ ఏమీ తెలియదు.

వర్షాలు మొదలయ్యాక ఉపేంద్ర పేర అదే నాటకం మళ్ళీ వేద్దామన్నారు. వేషం రాహుల్‌కి ఇచ్చారు. పరంధామయ్య కొత్త స్క్రిప్టు పంపాడు. తెరిచి చూస్తే కాలమూ ఎర్రజెండా కొట్టేసి ఉన్నాయి, ఆ చోట అచ్చు అక్షరాల్లో ఉంది: ఆపండి. ఎవరైనా ఆపండి. నా వల్ల కావడం లేదు. పక్కన బ్రాకెట్లో, వన్స్ మోర్ కోసం కాస్త ఆగవలెను, అని కూడా రాశాడు. ఆమె రానని రాయబోయి, చెరిపేసి, వస్తానని రాసింది.

ఆదివారం గదిలో జనం ఇంకా ఎక్కువ చేరారు. రాహుల్ మంచి కుర్రాడు, పాఠం బట్టీ పట్టాడు. కానీ ఆ చోటికి వచ్చేసరికి మాట మరిచిపోయాడు. చిన్న కిటికీలో ఆమెను అడిగాడు. అక్కా, లైన్? కాస్త ఆగి మళ్ళీ అడిగాడు. అక్కా ప్లీజ్, అందరూ వెయిట్ చేస్తున్నారు.

ఆమె అందించలేదు. మైకు అడిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె పేరు పక్కన చెయ్యి ఎత్తిన గుర్తు కనిపిస్తే, ఏదో కొత్త పాత్ర ప్రవేశం అనుకుని రాహుల్ మైకు వదిలాడు.

“ఆ మాట నాటకంలోది కాదు. ఆ రోజు ఉపేంద్ర వేషం చెప్పలేదు. తనని ఆపమని మనల్ని అడిగాడు. మనం వన్స్ మోర్ అన్నాం. వాడు ఏం తాగుతున్నాడో నాకు తెలిసి కూడా, తర్వాతి లైను అందించాను. నిమోనియా కాదు, దగ్గు మందు. వాడు పొడుం టైములో చెప్పిందే, మనం నవ్విందే.”

గదిలో ఒక్క అక్షరం పడలేదు. పక్కనున్న పేర్లలోంచి ఒకటి మాయమైంది. తర్వాత మరొకటి. తారాదేవి పేరు కాసేపుండి, అదీ మాయమైంది. ప్రసన్నలక్ష్మి మైకు వదిలేసి కూర్చుంది. తనను తిట్టడానికైనా ఎవరో ఒకరు మాట్లాడాలని ఆమె కోరిక.

చివరికి పరంధామయ్య మైకు తీసుకున్నాడు.

“నాకు తెలుసమ్మా,” అన్నాడు ఆ ముసలాయన. “నా మాట కాదని నాకు తెలీదా. ఆ రోజు వినగానే గుండె జల్లుమంది, వాడేదో కష్టంలో ఉన్నాడనిపించింది. ఈలోగా అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలెట్టారు. సరే, నేనే రాశాననుకున్నాను.”