గుండెత్తిన దసరా

మా కొత్తపేట గరిడీలో ఒక కట్టుబాటు ఉంది. చిన్నతనంలో అక్కడ సాము నేర్చుకుని పేరు తెచ్చుకున్నవాళ్లను దసరానాడు పిలిచి తలపాగా చుడతారు. ఊరికే చుట్టరు. గోదాలో ఉన్న నల్లరాతి గుండును మోకాలిదాకా లేపాలి. లేపలేనివాడు ఇక ఆ గరిడీ మట్టి తొక్కకూడదు. ఎవడు పెట్టాడో గానీ, ముసలాళ్ల మీద కక్షతో పెట్టినట్టుంది.

నన్ను పిలిచేనాటికి నా కుడిభుజం పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది. కంపెనీవారి కాలవ పనిలో బండరాయి జారి మీద పడింది. అప్పటినుంచీ బిందెడు నీళ్లు కూడా ఎత్తలేను. ఒకప్పుడు ఆ గుండును భుజానికెత్తుకుని గోదా చుట్టూ తిరిగినవాణ్ణి. మా గురువుగారి అబ్బాయి మాణిక్యం ఇప్పుడు గరిడీ నడుపుతున్నాడు. అతను పిలవడానికి వస్తే రానన్నాను.

"అలాగనకండి సత్తియ్యగారూ. మీరు రాకపోతే మా నాన్నగారి పేరు పోతాదండి."

"వచ్చి ఎత్తలేకపోతే పోదా?"

"ఆయ్, మీరు రండి. తరవాత సంగతి నేను చూసుకుంటానండి."

వెళ్లకపోతే ఎత్తలేక రాలేదంటారు. వెళితే అందరి ముందూ బయటికి పంపేస్తారు. ఎటైనా ఒకటే అనుకుని వెళ్లాను. భయం కూడా వెయ్యలేదు.

ఆ ఏడు నాతోపాటు పిలిచింది బంగారరాజును. ఇద్దరం ఒకే ఈడు, రోజూ కుస్తీ పట్టినవాళ్లం. గరిడీ వదిలాక వాడు మండపేటలో ధాన్యం బస్తాలు మోసి మోసి నడుం వంగిపోయాడు. కర్ర లేనిదే నడవలేడు.

ముందు వాణ్ణి పిలిచారు. కర్ర నా చేతికిచ్చి వంగాడు. చేతులు వణికాయి, మెడనరాలు ఉబ్బాయి. గుండు మోకాలిదాకా లేచింది. జనం ఈలలు వేశారు. నాకు వాడి మీద అసూయ కలిగింది. ఆ రోజంతటికీ నాకు కలిగింది అదొక్కటే.

నా వంతు వచ్చింది. రెండు చేతులూ వేసి పట్టు బిగించగానే తెలిసిపోయింది. అది రాయి కాదు, బూరుగు కొయ్య. గుండ్రంగా చెక్కి, మసీ నూనే పట్టించారు. ఎడంచేత్తో ఎత్తి అవతలికి గిరాటెయ్యొచ్చు. తలెత్తి చూశాను. కుర్ర వస్తాదులంతా నేలచూపులు చూస్తున్నారు. మాణిక్యం మాత్రం నాకేసి చేతులు జోడించి నిలబడ్డాడు.

విసిరికొడదామనుకున్నాను. కొడితే బంగారరాజు సంగతి కూడా బయటపడుతుంది. వాడప్పటికే తలపాగాతో కూర్చుని రొప్పుతున్నాడు. అందుకని నేనూ మోకాళ్లు వణికించాను, మూలిగాను. మోకాలిదాకా లేపి, మోయలేనట్టు మెల్లిగా దింపాను. జనం అరిచారు. తలపాగా చుట్టారు. ఏడుపూ రాలేదు, సిగ్గూ వెయ్యలేదు. ఇంకెవరి తలకో చుడుతుంటే చూస్తున్నట్టుంది.

తిరిగొస్తుంటే కాలవగట్టు మీద బంగారరాజు ఆగాడు.

"బాగా బరువుందేంరా సత్తియ్యా?"

"ఉందిరా. నీకో?"

"సచ్చేననుకో."

ఇద్దరం రేవుదాకా నడిచాం. రేవులో వాడు పడవెక్కుతుంటే ఎడంచెయ్యి అందించాను. ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.