ఒక్క అక్షరం తేడా

లిఫ్టులు బాగుచేసే ఆ షాపుకి యజమానులు ఇద్దరు, అక్కా తమ్ముడూ. వాళ్ళకంటే వాళ్ళు బాగుచేసిన లిఫ్టే ఎక్కువ మాట్లాడుతుందని ఆ వీధివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు మళ్ళీ దించేదాకా ఇద్దరి మధ్యా నడిచే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. స్పానరు కావాలంటే చెయ్యి చాపడమే. ఒకే కడుపున పుట్టాం, ఒకే రకం మౌనం పంచుకున్నాం అని అక్క అనుకునేది. అందుకే తమ్ముడి గురించి ఆమెకి ఏనాడూ బెంగ లేదు. తన మనసు తెలిసినట్టే వాడి మనసూ తెలుసనుకుంది.

ఆమె భర్త ఆఫీసుల్లో ఉద్యోగులకి స్వభావాల గురించి తరగతులు చెప్తాడు. మనుషుల్ని పదహారు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి నాలుగేసి అక్షరాలు తగిలించే పద్ధతి ఆయనది. ఒక ఆదివారం భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్ళని కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. అక్క టకటకా జవాబులు చెప్పేసి గిన్నెలు సర్దుకోడానికి లేచింది. తమ్ముడు మాత్రం ప్రతి ప్రశ్నలోనూ ఏదో తిరకాసు పట్టుకుని, ఇలా అడిగితే రెండూ నిజమే కదా బావా అంటూ పొద్దుగూకేదాకా సాగదీశాడు.

చివరికి బావ తేల్చిందేమిటంటే, ఇద్దరూ ముభావులే, ఇద్దరూ తలతో బతికేవాళ్ళే. నాలుగక్షరాల్లో మూడు ఒకటే.

"ఒక్క అక్షరమే కదా తేడా," అంది అక్క.

"అక్షరం ఒక్కటే. లోపల మిషను మొత్తం వేరు. నీకు ముందే చివర కనిపిస్తుంది, దారి తర్వాత వేసుకుంటావు. వాడికి దారులన్నీ కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ లోపల కొలిచి చూసుకోవాలి. చివరికి చేరకపోయినా వాడికేం పట్టదు."

మనుషుల్ని డబ్బాల్లో సర్దడం ఈయనకో జబ్బు అనుకుని అక్క ఆ మాట అక్కడే వదిలేసింది.

ఎండలు ముదిరాక, బట్టలు కుట్టే గదులున్న ఒక నాలుగంతస్తుల భవనం నుంచి కబురొచ్చింది. లిఫ్టు ఒక్కోసారి తలుపు సరిగ్గా పడకముందే కదులుతోందట. అక్క వెళ్ళి మిషను గది తలుపు తీసింది. కంట్రోల్ బోర్డు పాతబడి, అంచులు నల్లబడి ఉంది. చూడగానే ఆమె బుర్రలో లెక్క పడిపోయింది. బోర్డు ఆయుష్షు తీరింది, మార్చాలి. ఇక అక్కణ్ణుంచి ఆమె ఆలోచనంతా కొత్త బోర్డు ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు బిగించాలి అన్నదే.

తమ్ముడు ప్రతి అంతస్తులోనూ ఆగి తలుపులు తడిమి చూశాడు. మూడో అంతస్తులో మెట్లమీద చతికిలబడి, ఒక మధ్యాహ్నమంతా ఆ తలుపువంకే చూస్తూ కూర్చున్నాడు. ఏంట్రా అని అడిగితే ఏం లేదు, చూస్తున్నానన్నాడు. వాడికిది మామూలే కదా అని అక్క కిందికి దిగిపోయింది.

కొత్త బోర్డు బిగించిన రోజు పొద్దున్నే లిఫ్టుని పైకీ కిందికీ ఎన్నోసార్లు తిప్పి చూసింది. ఎక్కడా వంక లేదు. ఇక వాడుకోవచ్చని కాగితం మీద సంతకం పెట్టింది. తమ్ముడు గోడకానుకుని నిలబడ్డాడు, అవుననలేదు, కాదనలేదు. ఆమె దృష్టిలో మాట్లాడకపోవడమంటే తేలిపోయిందనే అర్థం. తను మాట్లాడకుండా ఉండేది అప్పుడే.

ఆ వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. మూడో అంతస్తులో కుట్టుపని చేసే దర్జీ ఆవిడ బట్టల మూటతో లిఫ్టులోకి అడుగుపెడుతుంటే, తలుపు తెరిచుండగానే లిఫ్టు పైకి కదిలింది. ఆవిడ చీలమండ గడపకీ లిఫ్టుకీ మధ్య నలిగింది. వాచ్‌మన్ పరుగెత్తి కరెంటు ఆపకపోతే ప్రాణమే పోయేది.

వీళ్ళు చేరేసరికి ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గడప దగ్గర కుట్టిన చొక్కాలు చిందరవందరగా పడున్నాయి. తమ్ముడు మిషను గదికి పోలేదు, బోర్డు చూడలేదు. సరాసరి ఆ తలుపు దగ్గరికెళ్ళి, తలుపు పడితేనే లిఫ్టుని కదలనిచ్చే పైన లాకు మీద అరచెయ్యి ఆనించాడు, వెంటనే కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. వాడు వెతకలేదు. ఎక్కడికెళ్ళాలో తెలిసే వెళ్ళాడు. అక్క అది చూసింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలీదు. అనుమానం." వాడు మెట్ల పక్కనున్న కిటికీ చూపించాడు. "మధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి దీనిమీదే పడుతుంది. వేడికి రేకు వంగి, తలుపు పడకపోయినా పడినట్టు లాకు లోపల తగులుతుందేమో అనిపించింది. పొద్దున చూస్తే ఏమీ ఉండదు. ఇంకోసారి ఎండలో చూసి తేల్చుకుందామనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఇంకా అవలేదక్కా. సగం ఆలోచన ఎలా చెప్పను?" అని, మళ్ళీ తనే అడిగాడు. "బోర్డే అని నువ్వు తేల్చుకున్నప్పుడు నన్నెందుకు అడగలేదు?"

అప్పటికే అయిపోయింది కాబట్టి. ఆ జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. వాడు చెప్పనిది ఆలోచన అవలేదని, తను చెప్పనిది అయిపోయిందని. ఇన్నేళ్ళూ ఆ రెంటినీ ఒకే మౌనమనుకుంది.

ఆసుపత్రికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. సంతకం పెట్టింది నేనేనని అక్క చెప్పింది. తమ్ముడు ఎండ, రేకు, లాకు అంటూ మొదలుపెట్టి, అయితే, ఒకవేళ, బహుశా అంటూ ఎటో పోయాడు. దర్జీ ఆవిడ గోడవైపు తిరిగింది.

"నాకర్థం కావాలని లేదు బాబూ. కుట్టుమిషను తొక్కేది ఈ కాలుతోనే. మళ్ళీ ఎప్పుడు తొక్కుతానో అది చెప్పండి."



ఆ రాత్రి అక్కకి కంటిమీద కునుకు లేదు. తెల్లారేసరికి అంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. తప్పంతా తన నెత్తిన వేసుకోవాలి, తమ్ముడి పేరు బయటికి రాకూడదు, షాపు మూసెయ్యాలి. విచారణ చేస్తున్న అధికారి దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. సంతకం తనదేనని, లాకు గురించి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదని చెప్పి వచ్చేసింది. తమ్ముడికి ఈ సంగతి బావ చెప్తేగానీ తెలియలేదు.

వాడు షాపులోకి వచ్చి నిలబడ్డాడు. వాడికి అంత కోపం రావడం ఆమె అంతకుముందు చూడలేదు.

"నా తప్పు కూడా నువ్వే తేల్చేశావా?"

"నిన్ను కాపాడదామనే..."

"ఎవరికీ తెలీదంటే, నువ్వు సంతకం పెట్టినా అది ఎవరి తప్పూ కాదని రాస్తారక్కా. అప్పుడు ఆవిడకేమొస్తుంది? అది ఆలోచించావా?"

ఆలోచించలేదు. ఆమె చూసిన చివరలో తమ్ముడున్నాడు, తనుంది, మూతపడిన షాపుంది. ఆవిడ లేదు.

వాడే వెళ్ళి, అనుమానం ఉండి కూడా నోరు విప్పలేదని అధికారికి చెప్పాడు. ఈసారి అయితే, ఒకవేళ అనకుండా చెప్పాడట. దాంతో షాపు లైసెన్సు రద్దయింది. దర్జీ ఆవిడకి నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని తేలింది. కాలు నిలబడింది గానీ చీలమండ మునుపటిలా వంగదన్నారు. ఆవిడిప్పుడు కూర్చుని గుండీలు కుడుతోంది. దారిలో ఎదురుపడితే ఇద్దరితోనూ మాట్లాడదు.

అక్క వేరేవాళ్ళ కంపెనీలో చేరింది. తమ్ముడు ఇంకా ఎక్కడా చేరలేదు. సాయంత్రాలు వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంటాడు. సగమే అయినా చెప్పరా అని ఆమె అడుగుతుంది. వాడు తడుముకుంటూ మొదలుపెడతాడు. నిన్న కూడా అలాగే మొదలుపెట్టాడు. రాత్రుళ్ళు తనకేమవుతోందో చెప్పబోయాడు. రెండు మాటలు వినేసరికే అక్కకి మిగతాదంతా అర్థమైపోయినట్టనిపించి, "అంటే నువ్వు..." అని అందుకుంది.

వాడు ఆగిపోయాడు.

ఆమె పెదాలు బిగించి, తల వంచుకుని కూర్చుంది. వాడు మళ్ళీ మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.